అసంభవానికి ఒక లెక్క

పాఠశాలల్లో హాస్యానికి దక్కే స్థానం స్వల్పం. వాచకంలో ఒకటి రెండు హాస్యపాఠాలున్నా, పరీక్షకు రావనే ధైర్యంతో చివర చేర్చినట్లుంటాయి. కరుణరసాన్ని గురించి ఉపాధ్యాయుడు గంటసేపు చెప్పగలడు. వీరరసం వస్తే గొంతెత్తి చదివి వినిపించగలడు. హాస్యం దగ్గరకు వచ్చేసరికి, "ఇంటిదగ్గర చదువుకోండి, మీకే నవ్వు వస్తుంది" అని పుస్తకం మూసివేస్తాడు. నవ్వును వివరించబోతే ఉన్న నవ్వు కాస్తా పోతుందన్న జంకు ఆయనది. ఆ జంకు చాలావరకు న్యాయమైనదే. కాని నవ్వులో ఒక జాతి ఉన్నది. ఎంత వివరించినా అది తరగదు సరికదా, వివరించినకొద్దీ పెరుగుతుంది. జరగరానిదానిని కళ్లెదుట జరిపించి, నవ్వు ముగిసిన తరువాత కూడా "ఇది ఎట్లా జరిగింది?" అన్న ఆలోచనలో ప్రేక్షకుణ్ణి వదలిపెట్టే హాస్యం అది. కథల్లోనూ, నాటకాల్లోనూ దాని ఛాయలు పూర్వం నుండీ ఉన్నా, చలనచిత్రం వచ్చిన తరువాతనే దానికి నిండు రూపం ఏర్పడింది. ఆ రూపాన్ని చూడాలంటే నూరేళ్లు వెనుకకు పోవాలి.

1924 ఏప్రిల్‌లో అమెరికాలో "షెర్లాక్ జూనియర్" అనే మూకీ చిత్రం విడుదలైంది. దర్శకుడూ, కథానాయకుడూ బస్టర్ కీటన్. ఒక చిన్న ఊరి సినిమాహాలులో ప్రొజెక్టరు నడిపే కుర్రవాడి కథ అది. హాలు ఊడ్చేదీ అతడే, బొమ్మ వేసేదీ అతడే. తీరిక దొరికితే అపరాధ పరిశోధకుడు కావటం ఎట్లాగో నేర్పే పుస్తకం ముందు వేసుకొని కూర్చుంటాడు. అతడు ప్రేమించిన అమ్మాయి ఇంటిలో ఆమె తండ్రి గడియారం పోతుంది. దానిని దొంగిలించినవాడు ఆ అమ్మాయినే ఆశించిన మరొకడు. అతడు దానిని తాకట్టుపెట్టి, ఆ రసీదును కుర్రవాడి జేబులోకి జారవిడుస్తాడు. పుస్తకంలో చెప్పినట్లు అందరి జేబులూ వెదకాలని పట్టుబట్టినవాడు కుర్రవాడే. రసీదు దొరికేది అతని జేబులోనే. విద్య అక్కరకు రావలసిన సమయంలో అడ్డం తిరగటం విద్యార్థులకు కొత్త సంగతి కాదు గనుక, ఈ ఘట్టానికి వ్యాఖ్యానం అవసరం లేదు. గడప తొక్కవద్దని చెప్పించుకొని అతడు హాలుకు తిరిగివస్తాడు. బొమ్మ మొదలుపెట్టి, యంత్రం పక్కనే కునుకు తీస్తాడు.

నిద్రపోతున్న దేహం నుండి మరొక కీటన్ లేస్తాడు. గోడకు తగిలించిన టోపీని తీసి పెట్టుకుంటాడు; అసలు టోపీ మాత్రం గోడకే ఉంటుంది. టోపీకి కూడా సూక్ష్మశరీరం ఉన్నదన్నమాట! తెరమీద నడుస్తున్న కథలోని పాత్రలు తనకు తెలిసినవాళ్లుగా, ఆ అమ్మాయిగా, ఆ దొంగగా మారిపోవటం అతడు చూస్తాడు. ప్రేక్షకుల మధ్యనుండి నడచివెళ్లి, వేదిక ఎక్కి, తెరలోకి దూకుతాడు. లోపలివాళ్లు అతనిని బయటికి విసరివేస్తారు. మళ్లీ దూకుతాడు. ఈసారి అతనిని ఎవరూ గెంటరు, ఆ పనికి చిత్రమే పూనుకుంటుంది. ఇంటిముందు మెట్లు దిగుతుండగా దృశ్యం మారి అది తోట అవుతుంది. అక్కడి బల్లమీద కూర్చోబోతే అది జనసమ్మర్దమైన వీధి అయిపోయి, అతడు వాహనాల మధ్య చతికిలబడతాడు. లేచి నడిస్తే కాలికింద కొండకొమ్ము అంచు. తొంగిచూసేసరికి సింహాల మధ్య ఉంటాడు. మెల్లగా తప్పించుకొని వస్తే ఎడారి. పక్కనుండి రైలు దూసుకుపోతుంది. దిబ్బమీద కూర్చుంటే అది సముద్రం మధ్య బండరాయి. నీటిలోకి దూకితే, తల వెళ్లి మంచుగుట్టలో కూరుకుపోతుంది.

ఈ ఘట్టంలో నవ్వు పుట్టే చోటు ఎక్కడ? కింద పడటంలో కాదు. కింద పడేవాళ్లు ఆనాటి హాస్యచిత్రాలలో కోకొల్లలు. కీటన్ పాత్ర ప్రతి చోటా ఆ చోటుకు తగినట్లు బుద్ధిగా ప్రవర్తించబోతుంది. బల్ల ఉంటే కూర్చోవాలి, నీరుంటే దూకాలి, సింహముంటే చప్పుడు చేయకుండా తప్పుకోవాలి. లోకధర్మాన్ని ఇంత శ్రద్ధగా పాటించేవాడు మరొకడు కనిపించడు. లోకమే మాట తప్పుతుంది. అయినా అతడు కోపగించుకోడు, ఏడవడు, నవ్వడు. మారిన లోకానికి మళ్లీ మొదటినుండి లెక్క కట్టుకుంటాడు. బదిలీలమీద ఊరూరా తిరిగే ఉద్యోగి కొడుకు, ఏటేటా కొత్త బడిలో కొత్త బల్లమీద కూర్చునేవాడు, ఈ దృశ్యాన్ని చూస్తే తెరమీద ఉన్నది తానేనని గుర్తుపడతాడు.

అదే సంవత్సరం అక్టోబరులో పారిస్ నగరంలో ఆంద్రే బ్రెతాన్ అధివాస్తవికవాదపు ప్రకటనను వెలువరించినాడు. కలకూ మెలకువకూ నడుమ ఉన్న గోడ కృత్రిమమైనదనీ, ఆ రెండూ కలిసినచోట మరింత నిజమైన వాస్తవం దొరుకుతుందనీ ఆ వాదం సారాంశం. కవులూ చిత్రకారులూ దానికోసం సభలు పెట్టుకున్నారు, కలహించుకున్నారు, ఒకరినొకరు వెలివేసుకున్నారు. తెలుగులో శ్రీశ్రీ, శ్రీరంగం నారాయణబాబు మొదలైనవారు ఆ ధోరణిపట్ల ఆసక్తి కనబరిచినారు. కాని ప్రకటన వెలువడటానికి ఆరునెలల ముందే, సిద్ధాంతాలతో సంబంధం లేని ఒక హాస్యనటుడు కలలోకి నడిచే దారిని తెరమీద వేసి చూపించినాడు. బడి చదువు అంతగా అబ్బినవాడు కాదు కీటన్. 1895లో సంచార నటుల కుటుంబంలో పుట్టి, ఊహ తెలియకముందే తల్లిదండ్రులతో వేదిక ఎక్కినాడు. తండ్రి అతనిని వేదికమీద ఎత్తి విసరివేయటం ఆ కుటుంబ ప్రదర్శనలో ముఖ్యాంశం. పడినవాడు నవ్వితే జనం నవ్వరనీ, ముఖం కదలకుండా లేస్తే హాలు దద్దరిల్లుతుందనీ ఆ బాలుడు గ్రహించినాడు. ఆయన పట్టా అదే.

అధివాస్తవికులు ఆయనను గుర్తించకపోలేదు. స్పెయిన్ కవి లోర్కా 1925లో కీటన్ పేరుతోనే ఒక చిన్న నాటిక వ్రాసినాడు. 1927లో, తాను ఇంకా ఒక చిత్రమైనా తీయకముందు, లూయీ బున్యుయేల్ కీటన్ తీసిన "కాలేజ్" చిత్రాన్ని మెచ్చుకుంటూ సమీక్ష వ్రాసినాడు. రెండేళ్ల తరువాత బున్యుయేల్, చిత్రకారుడు దాలీ కలిసి తీసిన "అన్ షియెన్ ఆందలూ" అధివాస్తవిక చిత్రాలలో సుప్రసిద్ధం. అందులో మొదటి నిమిషాలలోనే ఒక స్త్రీ కంటిని క్షురకత్తితో కోస్తారు. చూచినవాడు ఉలిక్కిపడతాడు, తరువాత గొప్ప చిత్రమని ఒప్పుకుంటాడు. కీటన్ చిత్రం చూచినవాడు నవ్వుతాడు, తరువాత ఉలిక్కిపడతాడు. ఈ రెండింటిలో కీటన్ తెరచిన తలుపే వెడల్పైనది. అందులోనుండి పసిపిల్లలు కూడా పోగలరు, పండితులూ పోగలరు.

ఇంతవరకు వచ్చిన తరువాత ఒక అపోహను తొలగించవలసి ఉన్నది. ఇటువంటి చిత్రాలను చూచి, తోచినదల్లా తెరమీద పెడితే హాస్యమైపోతుందని భ్రమపడేవారు ఆనాడూ ఉన్నారు, ఈనాడూ ఉన్నారు. చేతిఫోనులో క్షణానికొకటిగా జారిపోయే విడ్డూరాలలో అధికభాగం ఈ భ్రమలోనుండి పుట్టినవే. ఏనుగు తలమీద గొడుగు పెట్టి, దానిచేత ఇంగ్లీషు మాట్లాడిస్తే ఒక్క క్షణం వింతగా ఉంటుంది. రెండవ క్షణానికి ఏనుగూ లేదు, వింతా లేదు. కారణం, అక్కడ లెక్క లేదు. అసంభవానికి కూడా ఒక లెక్క కావాలి.

"షెర్లాక్ జూనియర్"లోని ఆ దృశ్యమాలికకు కీటన్ బృందం పెట్టుకున్న లెక్క ఎటువంటిదో చూడండి. తోటలో నిలబడినవాడే వీధిలోనూ, కొండమీదా అదే భంగిమలో, తెరమీద అదే స్థానంలో ఉండాలి. అంగుళం తేడా వచ్చినా కల చెదిరి బొమ్మ అతుకు బయటపడుతుంది. అందుకని భూమిని కొలిచే సర్వే పనిముట్లను తెచ్చి, కెమెరానుండి నటునికి ఉన్న దూరాన్ని కొలుచుకొని, చోటు మారినప్పుడల్లా అదే దూరంలో నిలబడి చిత్రీకరించినారు. మూడేళ్లముందు తీసిన "ది ప్లేహౌస్"లో శ్రమ ఇంకా విచిత్రమైనది. అందులో ఒక నాటకశాల ఉంటుంది. వాద్యగాళ్లూ, నర్తకులూ, ప్రేక్షకులలోని ముదుసలులూ, పిల్లవాడూ అందరూ కీటనే. వేదికమీద ఏకకాలంలో తొమ్మిదిమంది కీటన్లు వరుసగా కనిపిస్తారు. కెమెరా కంటికి మూతలు అమర్చి, ఒక సన్నని పట్టీ మాత్రం తెరచి ఒకరిని తీయాలి. ఫిల్మును వెనుకకు తిప్పి, తరువాతి పట్టీ తెరచి మరొకరిని తీయాలి. ఆ కాలంలో కెమెరాను చేతితో తిప్పేవారు. తొమ్మిది మార్లూ ఒకే వేగంతో తిప్పకపోతే తొమ్మిదిమంది నాట్యమూ తొమ్మిది తాళాలవుతుంది. ఎల్జిన్ లెస్లీ అనే ఛాయాగ్రాహకుని మణికట్టు ఆ పరీక్షలో నెగ్గింది.

గణితోపాధ్యాయులకు నచ్చే మరొక చిత్రం 1920లో వచ్చిన "వన్ వీక్". కొత్త దంపతులకు ఒక ఇల్లు కానుకగా వస్తుంది. పెట్టెలలో పెట్టిన విడిభాగాలుగా. అంకెల వరుసలో అమర్చుకుంటే ఇల్లు తయారు. పెళ్లికూతురు తిరస్కరించిన ఒకడు ఆ పెట్టెలమీది అంకెలను మార్చివేస్తాడు. వరుడు ఎంతో శ్రద్ధగా, తప్పుడు అంకెల ప్రకారం తప్పు లేకుండా కట్టుకుంటూ పోతాడు. వచ్చిన ఇంటికి గోడలు వాలిపోయి ఉంటాయి, తలుపులు ఉండరానిచోట ఉంటాయి. గాలివానలో ఇల్లు గానుగలా తిరుగుతుంది. చివరకు అది పొరపాటు స్థలంలో కట్టినదని తెలిసి, తరలించబోతే రైలుపట్టాలమీద చిక్కుకుంటుంది. రైలు వస్తుంది. దంపతులు కళ్లు మూసుకుంటారు. రైలు పక్క పట్టాలమీదుగా వెళ్లిపోతుంది. ఊపిరి పీల్చుకునేలోగా ఎదురుదిక్కునుండి మరొక రైలు వచ్చి ఇంటిని తుత్తునియలు చేస్తుంది. ఒక్క అంకె తప్పితే మిగిలిన లెక్కంతా ఎంత నిక్కచ్చిగా తప్పుతుందో ఈ ఇరవై నిమిషాల చిత్రంకంటె బాగా చూపించిన పాఠం అరుదు.

ఇక మన లాక్షణికులు చెప్పినదేమిటి? భరతుడు హాస్యం శృంగారంనుండి పుడుతుందన్నాడు, అద్భుతం వీరంనుండి పుడుతుందన్నాడు. వంశవృక్షం ప్రకారం ఈ రెండింటికీ దగ్గర చుట్టరికం లేదు. కాని హాస్యానికి కారణమయ్యేవాటిని పేర్కొన్న పట్టికలో వికృతమైన వేషాలతోపాటు అసత్ప్రలాపం, వ్యంగదర్శనం, దోషోదాహరణం కూడా ఉన్నాయి. అసత్ప్రలాపమంటే పొందిక లేని మాట. వ్యంగదర్శనమంటే అవయవలోపాన్ని ఎత్తి చూపటం. దోషోదాహరణమంటే ఇతరుల తప్పులను ఎన్నటం. మన రంగస్థలమూ, సినిమా ఈ పట్టికనుండి ఏవి ఎంచుకున్నవో చూస్తే విచారం కలుగుతుంది. నత్తివాడు, చెవిటివాడు, బట్టతలవాడు, స్థూలకాయురాలు, నల్లనివాడు, పల్లెటూరివాడు, పరాయి యాసవాడు: దశాబ్దాల తరబడి హాస్యమనే బండిని లాగినవారు వీరే. వ్యంగదర్శనం సులభం. దానికి కెమెరా కూడా అక్కరలేదు, వేలు చాలు. అసత్ప్రలాపం కష్టం, ఎందుకంటే దానికి కల్పన కావాలి.

ఈ భేదం ఉపాధ్యాయునికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. ఆదివారంనాడు చూచిన సినిమాలోని హాస్యం సోమవారంనాడు తరగతిలోకి వస్తుంది. తెరమీద నత్తివాణ్ణి చూచి నవ్వినవాడు, మూడవ వరుసలో కూర్చున్న నత్తిపిల్లవాడి వంక తిరిగి చూస్తాడు. ఆ పిల్లవాడు ఆ రోజునుండి పాఠం చదవటానికి లేవడు. కీటన్‌ను చూచి వచ్చినవాడు ఎవరి వంక తిరగాలి? అతడు బెంచీ వంక చూస్తాడు. కూర్చోబోయేసరికి ఇది ఉంటుందా అని. ఒక నవ్వుకు గురి మనిషి. మరొక నవ్వుకు గురి లోకపు కట్టడి.

దీనికి రుజువు కీటన్ చిత్రాలలోనే ఉన్నది. పైన చెప్పిన "ది ప్లేహౌస్"లో, ముఖానికి నల్లరంగు పూసుకొని నల్లజాతివారిని అనుకరించే ఒక భాగం ఉన్నది. ఆనాటి అమెరికా రంగస్థలంమీద అది నిత్యం నడిచిన వేషం. 1921లో జనం దానికి నవ్వినారు. ఈనాడు అది వస్తే హాలులో ఇబ్బంది కలుగుతుంది. అదే చిత్రంలో, అదే వేదికమీద, అదే మనిషి పలువురుగా ఆడినప్పుడు మాత్రం ఈనాటి పిల్లలు కూడా ఆశ్చర్యంతో కేరింతలు కొడతారు. ఒకే రీలులో ఒక హాస్యం చచ్చిపోయింది, మరొకటి బతికి ఉన్నది. మనిషిని కించపరచిన దానికి కాలం చెల్లిపోయింది.

తెలుగువారు ఇందులో వెనుకబడినవారు కారు. 1957లో వచ్చిన "మాయాబజార్"ను పౌరాణికమని పేర్కొనటం అలవాటు. నిజానికి అందులో సగం అసంభవ హాస్యం. మాటలు వ్రాసిన పింగళి నాగేంద్రరావు చేసిన ఒక చిన్న పనిని వ్యాకరణం చెప్పే ఉపాధ్యాయులు గమనించతగును. తెలుగువాడు మాట్లాడేటప్పుడు ప్రతి మాటకూ ఒక నీడమాట తగిలిస్తాడు: పుస్తకం గిస్తకం, పెళ్లి గిళ్లి, చదువు గిదువు. ఆ నీడమాటకు అర్థం లేదు. దానిని సూచించే వస్తువు లోకంలో లేదు. పింగళి ఆ లేని వస్తువును సృష్టించినాడు. మగపెళ్లివారి విడిదిలో తల్పం ఉన్నట్లే గిల్పమూ ఉన్నది, కంబళి ఉన్నట్లే గింబళీ ఉన్నది. మాయచేత చేసినవి గనుక అవి కూర్చున్నవారిని కుదురుగా ఉండనీయవు. నిఘంటువులో లేని మాట లేచి వచ్చి మనిషిని తిప్పివేయటమంటే ఇదే! పారిస్ కవులు ఎంతో ప్రయాసపడి సాధించబోయినదానిని పింగళి ఇంటి వాడుకభాషనుండి తీసి ఇచ్చినాడు. మరొక భాషలోకి ఈ చమత్కారాన్ని మార్చాలంటే అనువాదకుడు తల పట్టుకోవలసిందే.

అక్కడ కూడా లెక్క ఉన్నది. దర్శకుడు కె.వి. రెడ్డి ఏ దృశ్యం ఎంతసేపు నడవాలో చిత్రీకరణకు ముందే స్టాప్‌వాచీ పెట్టి నిర్ణయించుకునేవాడని ప్రసిద్ధి. వివాహ భోజనపు ఘట్టంలో లడ్లు వాటంతట అవే ఘటోత్కచుని నోటిలోకి ఎగిరిపోతుంటే, ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్‌లీ పనితనం చూచేవాడికి స్ఫురించదు. స్ఫురించకపోవటమే ఆ పనితనం. ఎస్.వి. రంగారావు తన ఎదుట నిజంగానే వంటకాలు కదులుతున్నంత నిశ్చయంగా కూర్చుంటాడు. కీటన్ గాని, రంగారావు గాని "చూచినారా, ఎంత వింతో!" అని ప్రేక్షకునికి కన్ను గీటరు. ఆ ఒక్క సైగ చేసి ఉంటే మాయ భగ్నమయ్యేది. "మాయాబజార్" తరువాత తెలుగు హాస్యం ఈ దారిని ఎందుకు విడిచిపెట్టిందో ఆలోచించవలసిన విషయం. దారి మూసుకుపోలేదు, నడిచేవారు తగ్గినారు.

మాటలతో ఈ పని చేసినవారిలో మార్క్స్ సోదరులు మరొక తరహా. 1933 నాటి "డక్ సూప్"లో గ్రౌచో మార్క్స్ ఒక కల్పిత దేశానికి అధిపతి. ఆయన మాటల దాడి సంగతి ఎట్లా ఉన్నా, చిత్రంలో అందరూ గుర్తుపెట్టుకునేది ఒక్క మాట కూడా లేని ఘట్టం. గ్రౌచో వేషం వేసుకొని వచ్చిన హార్పో నిలువుటద్దాన్ని పగులగొడతాడు. చప్పుడు విని గ్రౌచో వచ్చేసరికి, అద్దం ఉండవలసిన చోట నిలబడి అతని ప్రతిబింబంగా నటిస్తాడు. గ్రౌచో ఎట్లా కదిలితే అతడూ అట్లాగే కదులుతాడు. అనుమానంతో గ్రౌచో రకరకాలుగా పరీక్షిస్తాడు. ఒకచోట ప్రతిబింబం చేతిలోని టోపీ జారి పడుతుంది. గ్రౌచో వంగి, దానిని తీసి, ప్రతిబింబానికి అందిస్తాడు! అద్దం లేదని ఆ క్షణంలో ఇద్దరికీ తెలుసు. అయినా ఆట ఆగదు. తెలిసిన తరువాత కూడా ఆటను సాగనిచ్చే ఈ మర్యాదలో ఉన్న అందం మాటలకు లొంగేది కాదు.

ఫ్రెంచి దర్శకుడు జాక్ తాతీ 1967లో విడుదల చేసిన "ప్లే టైమ్" చూచినవారికి ఆ మర్యాద మళ్లీ గుర్తుకు వస్తుంది. కొత్తగా తెరచిన భోజనశాలలో గాజుతలుపు పగిలిపోతుంది. ద్వారపాలకుడు తలుపు పిడిని మాత్రం చేతిలో పట్టుకొని, వచ్చేవారికి తలుపు తీసినట్లూ, వెళ్లినతరువాత మూసినట్లూ గాలిలో ఆడిస్తూ ఉంటాడు. అతిథులు ఆ లేని తలుపు తెరుచుకునేదాకా ఆగి, లోపలికి వస్తారు. ఎవరికీ అనుమానం రాదు. ద్వారమంటే గాజు కాదు, పిడి అని తేలిపోతుంది. పెద్దమనుషుల వ్యవహారాలలో ఇట్లాంటి లేని తలుపులు ఎన్ని ఉన్నవో పాఠకులే లెక్కించుకోవచ్చు.

అయితే ఇటువంటి హాస్యాన్ని కల్పించినవారు చెల్లించిన మూల్యం తక్కువది కాదు. "ప్లే టైమ్" కోసం తాతీ పారిస్ శివారులో వీధులతో, అద్దాల మేడలతో ఒక నగరాన్నే కట్టించినాడు. చిత్రీకరణ ఏళ్ల తరబడి సాగింది. చిత్రం పెట్టుబడిని తిరిగి తేలేదు. అప్పులలో ఆయన తన వెనుకటి చిత్రాలమీది హక్కులను సైతం పోగొట్టుకున్నాడు. 1958లో తీసిన "మాన్ ఒంక్ల్"కు ఉత్తమ విదేశీచిత్రంగా ఆస్కారు బహుమతి అందుకున్న మనిషికి పట్టిన గతి అది. "డక్ సూప్" కూడా విడుదలైన రోజుల్లో ఆ సోదరుల వెనుకటి చిత్రాలంత ఆదరణ పొందలేదు.

కీటన్ శరీరంతోనే చెల్లించినాడు. "షెర్లాక్ జూనియర్"లో రైలుపైనుండి నీళ్లతొట్టి గొట్టాన్ని పట్టుకొని వేలాడే దృశ్యం ఉన్నది. అనుకున్నదానికంటె ఉధృతంగా నీరు మీద పడి, ఆయన తల వెనుకభాగం పట్టాకు కొట్టుకున్నది. కొంతకాలం తలనొప్పులతో బాధపడినాడు. మెడ ఎముక విరిగి, తిరిగి అతుక్కున్నదని ఎన్నో ఏళ్ల తరువాత వైద్యుడు ఎక్స్‌రే చూచి చెప్పేదాకా ఆయనకు తెలియదు. 1928 నాటి "స్టీమ్‌బోట్ బిల్ జూనియర్"లో తుఫానుకు ఇంటి ముందుగోడ యావత్తూ ఆయనమీద పడుతుంది. పై అంతస్తు కిటికీ ఖాళీ ఉన్నచోట ఆయన నిలబడి ఉంటాడు. ఇరుపక్కలా కొన్ని అంగుళాలు మాత్రమే మిగులు. గోడ నిజమైనది, బరువు నిజమైనది. కాస్త అటూ ఇటూ నిలబడి ఉంటే చిత్రమూ ఉండేది కాదు, కీటనూ ఉండేవాడు కాడు. అదే ఏడాది ఆయన సొంత నిర్మాణాన్ని వదులుకొని ఎం.జి.ఎం. సంస్థలో చేరినాడు. తన జీవితంలో చేసిన పెద్ద తప్పు అదేనని తరువాత చెప్పుకున్నాడు. అక్కడ కథలు ముందుగా కాగితంమీద నిర్ణయమయ్యేవి. సర్వే పనిముట్లు పట్టుకొని కొండమీద రోజులు గడిపే మనిషికి ఆ పద్ధతిలో చోటు లేదు. గోడ మీద పడినా దెబ్బతగలనివాడు ఒప్పందంమీద సంతకంతో దెబ్బతిన్నాడు. 1965లో వెనిస్ చిత్రోత్సవంలో ప్రేక్షకులు లేచి నిలబడి కరతాళధ్వనులు చేసినప్పుడు ఆయనకు సుమారు 70 ఏళ్లు. మరుసటి ఫిబ్రవరి 1న మరణించినాడు.

ఇదంతా విన్న తరువాత కూడా, "వీటివల్ల పిల్లలకు వచ్చే ప్రయోజనమేమిటి?" అని అడిగే తలిదండ్రులు ఉంటారు. ప్రశ్న అనుచితమైనది కాదు. నీతి కావాలంటే ఈ చిత్రాలలో దొరకదు. సంఘసంస్కరణ కావాలంటే వేరేచోట వెదుక్కోవాలి. తెరమీద బల్ల మాయమైతే అది ఏదో ఒకదానికి ప్రతీక అని పరీక్షాపత్రంలో వ్రాయించే ప్రయత్నం చేస్తే, ఆ బల్లతోపాటు నవ్వూ మాయమవుతుంది. కాని ఒక సంగతి ఉన్నది. లోకం ఉన్నట్లే ఉండితీరాలని పిల్లవాడికి చెప్పేవారు చాలామంది: పాఠ్యక్రమం, గంట, వరుస, హాజరుపట్టీ. ఉన్నది మరొకరకంగా కూడా ఉండవచ్చునని చెప్పేవారు తక్కువ. విజ్ఞానశాస్త్రం మొదలయ్యేదీ ఆ రెండవ మాటతోనే కదా! పండు ఎందుకు కిందనే పడాలి అని అడిగినవాణ్ణి గౌరవించే తరగతిలో, పైకి పడితే ఎట్లా ఉంటుందో చూపించేవాడికి ఒక గంట కేటాయించటం దండుగ కాదు.

పైగా ఆ గంట కూడా పూర్తిగా పట్టదు. "షెర్లాక్ జూనియర్" నిడివి సుమారు 45 నిమిషాలు. ఒక పీరియడులో సరిపోతుంది. మూకీ గనుక భాష అడ్డురాదు; నడుమ వచ్చే కొద్దిపాటి ఇంగ్లీషు వాక్యాలను ఉపాధ్యాయుడు తెలుగులో చెప్పివేయవచ్చు. అమెరికాలో 2020 నుండి ఆ చిత్రం ఎవరి హక్కులకూ లోబడి లేదు. గోడకు ఒక తెల్లని పంచె కట్టి, కిటికీలు మూస్తే చాలు. చూపించేముందు ఉపన్యాసం అవసరం లేదు. చూపించిన తరువాత ఒక్క ప్రశ్న అడిగితే చాలు: తోటలోనుండి వీధిలోకి వచ్చినప్పుడు అతని టోపీ కదలలేదు, ఎట్లా తీసి ఉంటారు? ఆ రోజు పిల్లలు ఇంటికి వెళుతూ దారిపొడుగునా దానినే తర్కించుకుంటారు.

చివరి ఘట్టాన్ని మాత్రం తొందరపడి ఆపివేయరాదు. కుర్రవాడు కలలో మహాపరిశోధకుడై, వెన్నంటివచ్చే దుర్మార్గులనుండి తప్పించుకొని, నడిపేవాడు లేని మోటారుసైకిలు ముందుభాగంమీద కూర్చొని పోతూ ఉండగా, అక్కడ ఆ అమ్మాయి తాకట్టుకొట్టుకు వెళ్లి, గడియారం తెచ్చినవాడెవడని అడిగి, ఎప్పుడో నిజం తెలుసుకున్నది. అతడు నిద్ర లేచేసరికి ఆమె యంత్రపు గదిలోకి వచ్చి, పొరపాటు జరిగిందని చెపుతుంది. ఇప్పుడేమి చేయాలో అతనికి పాలుపోదు. కిటికీలోనుండి తెరవంక చూస్తాడు. అక్కడ నాయకుడు నాయిక చేతులు పట్టుకుంటే, ఇతడూ పట్టుకుంటాడు. అక్కడ ఉంగరం తొడిగితే, ఇక్కడా తొడుగుతాడు. అక్కడ ముద్దు పెట్టుకుంటే, ఇతడూ అందుకు సాహసిస్తాడు. అంతలో తెరమీది బొమ్మ మసకబారి, మళ్లీ వెలిగేసరికి అదే దంపతుల ఒడిలో పసిపిల్లలు ఉంటారు. నడుమ జరిగినదేమిటో చిత్రం చూపలేదు. కుర్రవాడు తెరవంక చూస్తూ తల గోక్కుంటాడు.